ఖాళీ ఉన్నా సీ డ్రైవ్ ఎందుకు పెరగదు: డిస్కులో హద్దుల లెక్క

విశాఖపట్నం ఎంవీపీ కాలనీలో మా అపార్ట్‌మెంట్ కింది అంతస్తులో ఉండే విశ్రాంత లెక్కల మాస్టారు ఈమధ్య ల్యాప్‌టాప్ పట్టుకుని మా ఇంటికి వచ్చారు. పాత 256 జీబీ ఎస్‌ఎస్‌డీ నిండిపోవడంతో డాబాగార్డెన్స్‌లో 1 టీబీది వేయించుకున్నారు. పాతదానిలో ఉన్నదంతా ఉన్నదున్నట్టు కొత్తదానికి క్లోన్ చేసి ఇచ్చారట. తీరా ఇంటికి వచ్చి చూస్తే సీ డ్రైవ్ మునుపటిలాగే 237 జీబీ దగ్గరే ఆగి, నిండిపోయిందని చెప్పే ఎర్ర గీతతో కనిపించింది. విండోస్‌లోని డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిస్తే, ఎవరికీ కేటాయించని స్థలం 693 జీబీ ఉన్నట్టు నల్ల పట్టీ కింద స్పష్టంగా రాసి ఉంది. కానీ సీ మీద రైట్ క్లిక్ చేస్తే ఎక్స్‌టెండ్ వాల్యూమ్ అన్న మాట బూడిద రంగులో ఉంది, నొక్కినా పలకడం లేదు.

“ఇంత ఖాళీ ఇక్కడే పెట్టుకుని పెంచనంటుందేమిటి బాబూ?” అన్నారు.

“ఖాళీ ఉంది మాస్టారూ, సీకి ఆనుకుని లేదండి. మధ్యలో ఈ చిన్న ముక్క ఉంది చూశారా?” అని 500 ఎంబీ పైచిలుకు ఉన్న రికవరీ పార్టిషన్‌ను చూపించాను.

ఈ సందేహం ఇప్పుడు చాలామందికి వస్తోంది. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు ముగిసింది. పాత కంప్యూటర్‌కు కొత్త ఎస్‌ఎస్‌డీ వేయించి విండోస్ 11కు మారేవారు, విండోస్‌ను ఉంచుకుంటూనే పక్కన లైనక్స్ పెట్టి చూద్దామనుకునే విద్యార్థులు, సీ ఒక్కటే ఉన్న కొత్త ల్యాప్‌టాప్‌లో డీ కూడా కావాలనుకునేవారు, అందరూ చివరికి వచ్చేది డిస్కును ముక్కలు చేయడం, ఉన్న ముక్కను పెంచడం లేదా తగ్గించడం దగ్గరికే. ఆ పని లోపల ఎలా జరుగుతుందో తెలిస్తే, ఏది క్షణాల్లో అవుతుంది, ఏది గంటలు పడుతుంది, ఏది అసలు కాదు అన్నది ముందే అంచనా వేయవచ్చు.

స్థలం, పట్టా, ఇల్లు: కలగాపులగమయ్యే మూడు మాటలు

పార్టిషన్ అనే మాట మనకు కంప్యూటర్ల కన్నా ముందే తెలుసు. అన్నదమ్ములు ఆస్తి పంచుకున్నప్పుడు రాసుకునే కాగితం పార్టిషన్ డీడ్, తగువు వస్తే వేసేది పార్టిషన్ దావా. డిస్కు విషయంలోనూ అర్థం అదే. డిస్కు మొత్తం వరుస నంబర్లు వేసిన చిన్న చిన్న గళ్ల సముదాయం. ఒక్కో గడిని సెక్టార్ అంటారు. దానిలో సాధారణంగా 512 బైట్లు పడతాయి. ఫలానా నంబరు నుంచి ఫలానా నంబరు వరకు ఒక ముక్క అని రాసుకుంటే అది పార్టిషన్. ఆ రాత ఉండే చోటు పార్టిషన్ టేబుల్. భూమికి పట్టాదారు పాసుబుక్కు ఎలాగో డిస్కుకు అది అలాగ.

పట్టా ఉన్నంత మాత్రాన కాపురం ఉండలేం, ఇల్లు కట్టాలి. ముక్క లోపల ఏ ఫైలు ఏ గళ్లలో ఉంది, ఏ గళ్లు ఖాళీ అన్న లెక్కలు నడిపే ఏర్పాటును ఫైల్ సిస్టమ్ అంటారు. విండోస్‌లో అది ఎక్కువగా ఎన్‌టీఎఫ్‌ఎస్, లైనక్స్‌లో ఈఎక్స్‌టీ4, మ్యాక్‌లో ఏపీఎఫ్‌ఎస్. ఫార్మాట్ చేయడమంటే ఈ ఏర్పాటును కొత్తగా కట్టడమే. అలా కట్టి వాడుకకు సిద్ధమైనదాన్ని వాల్యూమ్ అంటారు. సీ, డీ అన్నవి విండోస్ ఆ వాల్యూమ్‌కు తగిలించిన ఇంటి నంబర్లు మాత్రమే. ఏ, బీ అక్షరాలు అప్పట్లో ఫ్లాపీలకు పోయాయి కాబట్టి హార్డ్ డిస్కు సీతో మొదలైంది.

పరిమాణం మార్చడం అన్నప్పుడు జరిగేవి రెండు పనులు. పాసుబుక్కులో హద్దు నంబరు మారాలి, దానికి తగ్గట్టు లోపలి ఫైల్ సిస్టమ్ కూడా పెరగాలి లేదా కుదించుకోవాలి. ఒకటి జరిగి రెండోది జరగకపోతే ప్రమాదం. ఇల్లు అలాగే ఉండగా హద్దు రాయిని లోపలికి జరిపితే గోడ పక్కవాడి స్థలంలో ఉన్నట్టు అవుతుంది. పనిముట్లు ఈ రెండింటినీ ఒకే పనిగా చూపిస్తాయి కాబట్టి మనకు తేడా కనబడదు.

512 కొంటే 476 ఎలా అయింది

ఇది చిన్న సంగతే అయినా ప్రతి కొలతలోనూ అడ్డొస్తుంది. తయారీదారులు 1 జీబీ అంటే వంద కోట్ల బైట్లు అని లెక్కగడతారు. విండోస్ 1024ను మూడుసార్లు గుణించి, అంటే 107,37,41,824 బైట్లను, 1 జీబీ అంటుంది. అందువల్ల 512 జీబీ ఎస్‌ఎస్‌డీ విండోస్‌లో 476 జీబీ చిల్లరగా, 1 టీబీది 931 జీబీగా కనిపిస్తుంది. ఎవరూ ఏదీ కాజేయలేదు. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో పరిమాణాన్ని ఎంబీల్లో అడుగుతారు. 100 జీబీల కొత్త వాల్యూమ్ కావాలనుకుని 1,00,000 అని కొడితే దక్కేది 97.66 జీబీ. నిండుగా 100 రావాలంటే 1,02,400 ఎంబీ కావాలి.

పాత పాసుబుక్కు, కొత్త పాసుబుక్కు

పార్టిషన్ టేబుల్ రెండు రకాలు. ఎంబీఆర్ అనేది 1983లో పీసీ డాస్ 2.0తో వచ్చిన పద్ధతి. అందులో నాలుగు నమోదులకే చోటుంది. నాలుగుకు మించి ముక్కలు కావాలంటే ఒకదాన్ని ఎక్స్‌టెండెడ్ అని పేర్కొని, దాని కడుపులో లాజికల్ డ్రైవ్‌లు పెట్టుకోవాలి. సెక్టార్ నంబరుకు 32 బిట్లే కేటాయించడం వల్ల 512 బైట్ల గళ్లున్న డిస్కులో 2.2 లక్షల కోట్ల బైట్లు దాటిన భాగాన్ని ఎంబీఆర్ చూడలేదు. 4 టీబీ హార్డ్ డిస్కును ఎంబీఆర్‌గా మొదలుపెడితే దాదాపు సగం ఎందుకూ పనికిరాకుండా మిగిలేది ఇందుకే.

రెండో రకమైన జీపీటీ ఈ రెండు కొరతలనూ తీర్చింది. విండోస్‌లో 128 నమోదులకు చోటుంది. ఒక్కో నమోదుకు 128 బైట్లు, అంటే మొత్తం 16 కేబీ. ఎంత పెద్ద డిస్కైనా దాని హద్దులన్నీ ఆ 16 కేబీలో ఇమిడిపోతాయి. డిస్కు మొదట్లో ఒక ప్రతి, చివర్లో మరో ప్రతి ఉంటాయి కాబట్టి ఒకటి చెడినా రెండోదాని సాయంతో కోలుకోవచ్చు. విండోస్ 11ను ప్రకటించిన నిబంధనల ప్రకారం నడపాలంటే యూఈఎఫ్ఐ (కంప్యూటర్‌ను మేల్కొలిపి విండోస్‌ను మొదలుపెట్టే కొత్త తరహా ఏర్పాటు) కావాలి, ఆ పద్ధతిలో విండోస్ బూట్ అయ్యే డిస్కు జీపీటీలో ఉండాలి. పాత కంప్యూటర్ల డిస్కులు చాలా వరకు ఎంబీఆర్‌లోనే ఉన్నాయి. డేటా పోకుండా మార్చే ఎంబీఆర్‌2జీపీటీ అనే పనిముట్టు 2017 నాటి విండోస్ 10 నవీకరణ నుంచీ విండోస్‌లోనే ఉంది. అయితే డిస్కులో మూడుకు మించి ప్రైమరీ పార్టిషన్లు (ఆ నాలుగు నమోదుల్లో నేరుగా రాసిన మామూలు ముక్కలు) ఉన్నా, ఎక్స్‌టెండెడ్ ముక్క ఉన్నా అది ఒప్పుకోదు. సీ, డీ, ఈ, ఎఫ్ అని ఒకప్పుడు ఇష్టంగా కోయించుకున్న డిస్కులు ఇక్కడే చిక్కుకుంటాయి.

ఎంబీఆర్ డిస్కుల్లో మరొక ఉచ్చు ఉంది. విండోస్ ఉన్న సీకి కాకుండా వేరే వాల్యూమ్‌కు పక్కనలేని ఖాళీని కలపాలని చూసినప్పుడు, విండోస్ ఆ డిస్కును డైనమిక్ డిస్కుగా (వాల్యూమ్‌ల లెక్కను విండోస్ తన సొంత పట్టికలో రాసుకునే పద్ధతికి) మారుస్తానని ఒక చిన్న పెట్టెలో అడగవచ్చు. చదవకుండా ఎస్ అని నొక్కేవారే ఎక్కువ. వెనక్కి రావాలంటే విండోస్ సొంత పనిముట్లతో అయితే వాల్యూమ్‌లన్నీ తొలగించాల్సిందే. డైనమిక్ డిస్కులను మైక్రోసాఫ్టే ఇప్పుడు కాలం చెల్లినవాటి జాబితాలో చేర్చింది. ఆ పెట్టె కనిపించిన క్షణాన ఆగినవారికి మిగతా దారులన్నీ తెరిచే ఉంటాయి.

కుడి హద్దు జరపడం, ఎడమ హద్దు జరపడం ఒకటి కాదు

అసలు విషయం ఇక్కడుంది. పార్టిషన్ నమోదులో మొదటి సెక్టార్ నంబరు ఒకటి, చివరి సెక్టార్ నంబరు ఒకటి ఉంటాయి. మధ్యలో తెగి, ఇంకెక్కడో మళ్లీ మొదలయ్యే ముక్కను అందులో రాయడానికి వీలు లేదు. కాబట్టి ఒక వాల్యూమ్ పెరగాలంటే ఖాళీ దానిని ఆనుకునే ఉండాలి.

ఆనుకుని కుడివైపున, అంటే చివరి నంబరు తరువాత ఖాళీ ఉంటే పని సులువు. చివరి నంబరు మారుతుంది, ఎన్‌టీఎఫ్‌ఎస్ తన ఖాళీ గళ్ల పట్టికను పొడిగించుకుంటుంది. లోపలున్న ఒక్క ఫైలు కూడా కదలదు. 300 జీబీ పెంచినా కొన్ని క్షణాల పనే, విండోస్ నడుస్తుండగానే అవుతుంది.

ఖాళీ ఎడమవైపున ఉంటే కథ మారిపోతుంది. సీని 100 జీబీ తగ్గించి ఆ స్థలాన్ని పక్కనున్న డీకి ఇవ్వాలనుకుందాం. సీ తన చివరి నుంచే తగ్గుతుంది కాబట్టి ఖాళీ సీకి, డీకి మధ్య ఏర్పడుతుంది. డీ దాన్ని కలుపుకోవాలంటే దాని మొదటి నంబరు వెనక్కి జరగాలి. ఫైల్ సిస్టమ్ తన లెక్కలన్నీ ఆ మొదటి నంబరు నుంచే కొలుచుకుంటుంది. కనుక డీలోని సరుకంతా 100 జీబీ వెనక్కి మోయాలి. డీలో 300 జీబీ ఉండి, సెకనుకు 100 ఎంబీ చొప్పున కదిలితే 3,072 సెకన్లు, అంటే 51 నిమిషాలు పడుతుంది. ఒకే హార్డ్ డిస్కులో చదవడమూ రాయడమూ రెండూ జరగాలి కాబట్టి నిజానికి అంతకన్నా ఎక్కువే అవుతుంది. విండోస్ సొంత పనిముట్టు ఈ మోత పెట్టుకోదు, అందుకే ఆ మాటను బూడిద రంగులో ఉంచుతుంది. జీపార్టెడ్ వంటి బయటి పనిముట్లు చేస్తాయి కానీ, చాలాసేపు పట్టవచ్చని ముందే హెచ్చరిస్తాయి.

ఇక్కడ మాస్టారు మంచి ప్రశ్న వేశారు. ఎస్‌ఎస్‌డీలో తిరిగే పళ్లెం లేదు, లోపలి కంట్రోలర్ డేటాను చిప్‌ల నిండా తనకు తోచినచోట పరుస్తుందని ఎక్కడో చదివారట. అలాంటప్పుడు ఆనుకుని ఉండడం అన్నదానికి అర్థమేమిటని అడిగారు. ఆయన చదివింది నిజమే. సీ డ్రైవ్‌లోని రెండు పక్కపక్క సెక్టార్లు చిప్‌లలో ఎక్కడెక్కడో ఉండవచ్చు. కానీ పాసుబుక్కు చూసేది వరుస నంబర్లనే. ఆ నంబరు భౌతికంగా ఏ చోటికి చెందుతుందన్నది కంట్రోలర్ తన దగ్గర పెట్టుకునే వేరే పట్టిక. అందువల్ల ఆనుకుని ఉండాలన్న నియమం ఎస్‌ఎస్‌డీకీ వర్తిస్తుంది, నంబర్ల వరకే.

మధ్యలో గెడ్డ: రికవరీ పార్టిషన్

మన ఉత్తరాంధ్రలో పొలానికీ పొలానికీ మధ్య గెడ్డ పారుతుంటే అవతలి భూమి కొన్నా ఒకే చెక్క కాదు. మాస్టారి డిస్కులో గెడ్డ పని చేసింది రికవరీ పార్టిషన్. క్లోన్ చేసినప్పుడు పాత వరుస అలాగే వచ్చింది: బూట్‌కు సంబంధించిన చిన్న ముక్కలు, సీ, రికవరీ. కొత్తగా వచ్చిన 693 జీబీ మొత్తం రికవరీకి అవతల పడింది.

ఆ ముక్కను మైక్రోసాఫ్ట్ సరిగ్గా సీ పక్కనే పెట్టడం చూసి చాలామంది విసుక్కుంటారు. దానికి కారణం లేకపోలేదు. విండోస్ బూట్ కానప్పుడు మరమ్మతు చేసే చిన్న వ్యవస్థ అందులో ఉంటుంది. నవీకరణలతో అది పెరుగుతూ పోతుంది. పక్కనే సీ ఉంటే, సీ చివర నుంచి కొంత కత్తిరించి రికవరీని పెద్దది చేసుకోవచ్చు. దూరంగా ఎక్కడో ఉంటే ఆ వీలు పోతుంది.

ఈ లెక్క తప్పితే ఏమవుతుందో 2024 జనవరిలో లోకమంతా చూసింది. విండోస్ 10కు వచ్చిన కేబీ5034441 అనే భద్రతా నవీకరణ ఎక్కాలంటే రికవరీ పార్టిషన్‌లో 250 ఎంబీ ఖాళీ ఉండాలి. ఎన్నో కంప్యూటర్లలో ఆ ముక్క మొత్తమే 500 ఎంబీ ఉంది, అది దాదాపు నిండి ఉంది. నవీకరణ పదే పదే విఫలమైంది. సీని 250 ఎంబీ తగ్గించి రికవరీని తిరిగి కట్టుకోండని మైక్రోసాఫ్ట్ ఆదేశాల వరుస ప్రచురించింది. పార్టిషన్ అన్న మాట ఎన్నడూ వినని గృహిణులు, గుమాస్తాలు నల్ల తెర మీద ఆ ఆదేశాలు కొట్టవలసి రావడం న్యాయం కాదని నా అభిప్రాయం. హద్దులు మార్చే పని నిపుణులకే పరిమితం అనుకున్న రోజులు పోయాయని మాత్రం అది చూపింది.

300 జీబీ ఖాళీ ఉన్నా 40 జీబీయే తగ్గుతానంటే

తగ్గించడంలో వేరే చిక్కు ఉంది. 476 జీబీ సీలో వాడినది 150 జీబీయే అనుకుందాం. లైనక్స్ కోసం 100 జీబీ తగ్గించబోతే, తగ్గించగలిగేది 41,000 ఎంబీ మాత్రమేనని విండోస్ చెప్పవచ్చు. మిగతా ఖాళీ ఏమైనట్టు?

సీ చివరి నుంచే తగ్గుతుందని చెప్పుకున్నాం. ఆ చివరి భాగంలో ఉన్న ఫైళ్లను విండోస్ ముందుకు జరిపి చోటు ఖాళీ చేస్తుంది. కానీ కొన్ని ఫైళ్లు నడుస్తున్న విండోస్‌లో కదలవు: ర్యామ్ చాలనప్పుడు వాడే పేజ్ ఫైల్, కంప్యూటర్‌ను నిద్రపుచ్చేటప్పుడు ర్యామ్‌లో ఉన్నది దాచే హైబర్నేషన్ ఫైల్, సిస్టమ్ రిస్టోర్ కోసం దాచిన ప్రతులు, ఎన్‌టీఎఫ్‌ఎస్ సొంత పట్టికలో కొంత భాగం. హైబర్నేషన్ ఫైల్ ఒక్కటే మామూలుగా ర్యామ్‌లో 40 శాతం ఉంటుంది. 16 జీబీ ర్యామ్ ఉన్నవారికి 6.4 జీబీ. ఇలాంటిది ఒకటి డిస్కు చివర్లో కూర్చుంటే దానికి ఎడమనున్న ఖాళీ అంతా ఉన్నా లేనట్టే. పొలమంతా కోసేసినా చివరి గట్టు దగ్గర ఒక్క తాడిచెట్టు నిలిచి ఉన్నట్టు. ఆ అడ్డున్నది ఏ ఫైలో విండోస్ రాసి పెడుతుంది కూడా: ఈవెంట్ వ్యూయర్‌లో అప్లికేషన్ చిట్టా కింద 259 నంబరు నమోదులో దాని పేరు ఉంటుంది. హైబర్నేషన్, పేజ్ ఫైల్, రిస్టోర్ ప్రతులను తాత్కాలికంగా ఆపి రీస్టార్ట్ చేశాక అదే సీ ఎన్నో రెట్లు ఎక్కువ తగ్గుతుందని కనిపించడం సాధారణం.

అన్ని ఫైల్ సిస్టమ్‌లూ ఇలా తగ్గవు. ఫ్యాట్32ను విండోస్ సొంత పనిముట్టు తగ్గించలేదు. లైనక్స్‌లో ఈఎక్స్‌టీ4 నడుస్తుండగా పెరుగుతుంది కానీ, తగ్గాలంటే దాన్ని అన్‌మౌంట్ చేయాలి, అంటే వాడుకలోంచి తాత్కాలికంగా విడదీయాలి.

సీ ఒక్కటే చాలా, డీ కూడా ఉండాలా

మన ఊళ్లో డెస్క్‌టాప్ కొన్న ప్రతివారికీ ఒకప్పుడు షాపువాళ్లే సీ, డీ, ఈ కోసి ఇచ్చేవారు. ఆ అలవాటుకు గట్టి మూలమే ఉంది. 1990ల మధ్య వరకు డాస్, విండోస్ 95 వాడిన ఫ్యాట్16లో ఒక వాల్యూమ్ 2 జీబీ దాటడానికి వీల్లేదు. అంత పెద్ద వాల్యూమ్‌లో అతి చిన్న కేటాయింపు 32 కేబీ, అంటే 1 కేబీ ఉత్తరం దాచినా 32 కేబీ పోయేది. ముక్కలు చేయక తప్పని రోజులవి. పైగా తిరిగే డిస్కులో బయటి వలయాలు లోపలివాటికన్నా వేగం. మొదటి ముక్క సాధారణంగా అక్కడే పడేది కాబట్టి సీని చిన్నగా ఉంచితే విండోస్ చురుగ్గా నడిచేది.

డీ ఉండాలనేవారి నేటి వాదన వేరు. విండోస్ పాడై సీని ఫార్మాట్ చేయాల్సి వస్తే ఫొటోలు, కాగితాలు డీలో క్షేమంగా ఉంటాయి. సీ చిన్నదైతే దాని పూర్తి ప్రతిని తీసి దాచుకోవడం సులువు. రెండో ఆపరేటింగ్ సిస్టమ్ పెట్టుకునేవారికైతే వేరే ముక్క తప్పనిసరి. ఇవన్నీ బలమైన కారణాలే.

ఒక్కటే చాలనేవారి మాటలోనూ పస ఉంది. సీకి 100, డీకి 376 అని ఈరోజు గీసిన హద్దు రెండేళ్లకు తప్పుతుంది. సీ ఊపిరాడక, డీ సగం ఖాళీగా పడి ఉన్న ల్యాప్‌టాప్‌లు నేను లెక్కలేనన్ని చూశాను. విండోస్ 10, 11లలో సొంత ఫైళ్లు ఉంచుకుని రీసెట్ చేసుకునే వీలుంది కాబట్టి పాత భయం కొంత తగ్గింది. ఎస్‌ఎస్‌డీలో వేగం తేడా కూడా లేదు.

ఇరువర్గాలూ ఒప్పుకోవాల్సిన సంగతి ఒకటుంది. డీ డ్రైవ్ బ్యాకప్ కాదు. డిస్కు చచ్చిపోతే సీ, డీ కలిసే పోతాయి. ఒక ఎస్‌ఎస్‌డీలో ఆ రెండూ అవే చిప్‌లను పంచుకుంటున్నాయి. డీలో పెట్టాను, ఇక భయం లేదనుకుని పెళ్లి ఫొటోలన్నీ పోగొట్టుకున్న కుటుంబం ఒకటి నాకు బాగా తెలుసు. ఆ ఇంట్లో ఆ రోజు చూసిన ముఖాలు గుర్తొచ్చినప్పుడల్లా ఈ ఒక్క విషయం గొంతెత్తి చెప్పాలనిపిస్తుంది.

గట్లు ముందే గీయని పద్ధతులు

హద్దు గీయకుండానే వేర్వేరు వాల్యూమ్‌లు ఉండేలా చేయవచ్చా? ఆపిల్ 2017లో మ్యాక్‌ఓఎస్ హై సియెర్రాతో తెచ్చిన ఏపీఎఫ్‌ఎస్ ఆ దారి పట్టింది. అక్కడ డిస్కులో కంటెయినర్ అనే పెద్ద ముక్క ఒకటుంటుంది. దాని లోపల ఎన్ని వాల్యూమ్‌లు చేర్చినా ఖాళీ అందరికీ ఉమ్మడి. 500 జీబీ కంటెయినర్‌లో మొదటి వాల్యూమ్ 200, రెండోది 50 వాడితే రెండింటికీ 250 ఖాళీ ఉన్నట్టే కనిపిస్తుంది. కావాలంటే ఒకదానికి ఇంత మించకూడదని గరిష్ఠం, ఇంత తప్పక ఉండాలని కనిష్ఠం పెట్టుకోవచ్చు. ఉమ్మడి కుటుంబంలో ధాన్యం కొట్టు ఒకటే ఉన్నట్టు. అందుకే మ్యాక్‌లో పార్టిషన్ చేయబోతే, దానికి బదులు వాల్యూమ్ చేర్చుకోమని డిస్క్ యుటిలిటీయే సూచిస్తుంది.

లైనక్స్‌లో ఎల్‌వీఎం ఇంకో దారి. అది నంబర్లను చిన్న చిన్న తునకలుగా చూసి, ఎక్కడెక్కడి తునకలనో కూర్చి ఒక వాల్యూమ్‌గా చూపిస్తుంది. ఆనుకుని ఉండాలన్న నియమం అక్కడ లేదు, రెండో డిస్కును కూడా కలుపుకోవచ్చు. ఆ వెసులుబాటుకు బదులుగా మరో పొరను అర్థం చేసుకోవాలి, ఏదైనా చెడినప్పుడు డేటాను వెలికితీయడమూ కష్టమే.

కరెంటు, తాళం

కుడి హద్దు మార్పులు క్షణాల్లో ముగుస్తాయి కాబట్టి వాటిలో ముప్పు తక్కువ. ఎడమ హద్దు జరిపేటప్పుడు మాత్రం సగం సరుకు కొత్తచోట, సగం పాతచోట ఉండే సమయం చాలాసేపు ఉంటుంది. ఆ మధ్యలో కరెంటు పోతే ఏ ఫైలు ఎక్కడుందో చెప్పే దిక్కుండదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ మన తీరం దాటాక రోజుల తరబడి చీకట్లో గడిపిన ఊరికి ఈ మాట వివరించనక్కరలేదు. డెస్క్‌టాప్‌కు యూపీఎస్, ల్యాప్‌టాప్‌కు నిండు బ్యాటరీతో పాటు చార్జర్, అన్నిటికన్నా ముందు వేరే డిస్కులో ఒక ప్రతి ఉండడం ఆ పనిలో భాగమే.

రెండోది బిట్‌లాకర్, అంటే డిస్కులో ఉన్నదాన్ని ఎన్‌క్రిప్ట్ చేసి (కీ లేనివారు చదవలేని రాతగా మార్చి) తాళం వేసే విండోస్ ఏర్పాటు. విండోస్ 11లో 2024 చివర్లో వచ్చిన 24హెచ్2 నుంచి, మైక్రోసాఫ్ట్ ఖాతాతో కొత్తగా సిద్ధం చేసిన ఎన్నో కంప్యూటర్లలో డిస్కు తనంతట తానే ఎన్‌క్రిప్ట్ అవుతోంది. విండోస్ లోపలి నుంచి పరిమాణం మారిస్తే ఇబ్బంది లేదు. బయటి నుంచి బూట్ చేసిన పనిముట్టుకు మాత్రం సీ తాళం వేసిన గదిలా కనిపిస్తుంది. బూట్ అమరికలో మార్పు వస్తే విండోస్ 48 అంకెల రికవరీ కీ అడగవచ్చు. అది చేతిలో లేకపోతే డిస్కు బాగానే ఉన్నా లోపలున్నది అందదు.

మాస్టారి ల్యాప్‌టాప్‌లో బిట్‌లాకర్ లేదని ముందుగా చూసుకున్నాం. పాత 256 జీబీ ఎస్‌ఎస్‌డీ ఇంకా ఆయన బల్ల సొరుగులో ఉంది కాబట్టి ప్రతి కూడా ఉన్నట్టే. రికవరీ వ్యవస్థను ఆపగానే దాని ఫైలు సీలోకి వచ్చి చేరింది. పాత రికవరీ ముక్కను తీసేస్తే గెడ్డ పూడిపోయి, సీ పక్కన ఒకటే ఖాళీ మిగిలింది. ఎక్స్‌టెండ్ వాల్యూమ్ నల్లటి అక్షరాలతో వెలిగింది. 2,04,800 ఎంబీ పెంచితే సీ 437 జీబీ అయింది. వెంటనే దాని పక్కన 1 జీబీతో కొత్త రికవరీ ముక్క పెట్టి, వ్యవస్థను మళ్లీ ఆన్ చేశాం. మిగిలిన 492 జీబీ పైచిలుకును డీగా ఫార్మాట్ చేసేటప్పుడు పేరు అడిగింది. మాస్టారు కళ్లజోడు సర్దుకుని, “లెక్కలు” అని టైపు చేశారు.